‘ఆరోగ్యం’ అని రాసుకున్న అప్పులు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో మా గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడు ఈ మైకు ముందట నిలబడి పొదుపు ఎంత అయింది, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, వాపసు ఎంత శాతం అని చదివి కూర్చుంటం. ఆ లెక్కలు ఈసారి కూడా ఉన్నయి, వేరే పేజీలో ఇచ్చినం. ఈ ఏడు మా అప్పుల పుస్తకంలో కనబడిన ఇంకో లెక్క గురించి మాట్లాడుతమని అడిగినం. అధ్యక్షురాలు కొంచెం సేపు ఆలోచించి, "మగవాళ్ళు కూడా ఉంటరు కదా" అన్నది. మళ్ళ ఆమెనే, "ఉంటే మంచిదే, వాళ్ళు కూడా వినాలె" అన్నది. ఆ ధైర్యంతోనే మాట్లాడుతున్నం.

మన సంఘం పుస్తకంలో అంతర్గత అప్పు ఇచ్చినప్పుడు "దేనికి" అని ఒక గడి ఉంటది. బర్రె, పిల్లల ఫీజు, ఇల్లు రిపేరు, బోరు, ఆరోగ్యం. పోయిన ఆడిట్ అప్పుడు మేము ఆ గడులు ఒక్కొక్కటి చూసుకుంట పోయినం. "ఆరోగ్యం" అని ఉన్నవి చాలా కనబడ్డయి. ఏం ఆరోగ్యం? జ్వరమా, ఆపరేషనా? ఎవ్వరూ చెప్పలేదు, మేము అడగలేదు. అందులో ఒకటి మాకు తెలిసిన అప్పు.

మా సంఘంలో ఒక చెల్లె ఉన్నది. పాశమైలారం దిక్కు ఒక కంపెనీలో ప్యాకింగ్ పని, షిఫ్టు డ్యూటీ. చిన్న పిల్లకు ఎనిమిది నెలలు. పాలు తాగుతున్నది కాబట్టి నెల తప్పదని అనుకున్నది. వాళ్ళ అత్తగారు కూడా గట్లనే చెప్పింది. నెల తప్పింది. ఎవ్వరికీ చెప్పకుండ, ఆయన ఒక మెడికల్ షాపుకు పోయి, చీటీ లేకుండ గోలీలు తెచ్చిండు. ఎన్ని నెలలని షాపులో అడగలేదు, ఎట్ల వేసుకోవాలని ఈయన అడగలేదు. గోలీ వేసుకొని డ్యూటీకి పోయింది, ఎందుకంటే ఆ రోజు రాకపోతే జీతం కోత. రాత్రి ఇంటికి వచ్చినంక బ్లీడింగ్ ఆగలేదు. 108 లో తీసుకపోయి రక్తం ఎక్కించినరు. బతికి వచ్చింది. నెల తర్వాత మీటింగులో లేచి పదివేలు కావాలె అన్నది. మేము సంతకం పెట్టించుకొని ఇచ్చి, గడిలో "ఆరోగ్యం" అని రాసినం.

అందరి ముందు ఒప్పుకుంటున్నం, అది మా తప్పు. పైసలు ఇచ్చుడు తెలిసింది కానీ మాట అడుగుడు తెలియలేదు. తర్వాత ఒక నెల, ఆ చెల్లె ఒప్పుకున్నంకనే, పేరు చెప్పకుండ ఈ సంగతి మీటింగులో పెట్టినం. పొదుపు కట్టుడు అయినంక ఎవ్వరూ లేవలేదు. ఒక్కొక్కరే నోరు విప్పినరు. "నాకు కూడా అయింది", "మా బిడ్డకు అయింది", "మా పక్క రూములో ఒడిశా పిల్లకు అయింది, భాష రాక ఎవ్వరికీ చెప్పుకోలేదు". ఇన్నేండ్లు పక్కపక్కన కూర్చొని వడ్డీ లెక్కలు చూసినం కానీ, ఈ లెక్క ఎవ్వరి కడుపులో వాళ్ళే దాచుకున్నరు.

ఇది మన ఒక్క ఊరి కథ కాదు. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం గురించి ఆరోగ్య శిక్షణలో తెలుసుకున్నం. 2015 ఒక్క సంవత్సరంలో మన దేశంలో సుమారు 1 కోటి 56 లక్షల అబార్షన్లు జరిగినయని వాళ్ళ అంచనా. అందులో నాలుగింట మూడు వంతులకు దగ్గర దగ్గర, ఆసుపత్రి గడప తొక్కకుండ, బయట గోలీలు కొని వేసుకున్నవే. ఆ ఏడు వచ్చిన గర్భాల్లో సగం వరకు అప్పుడు కావాలని అనుకోనివి. అంటే రోగం అబార్షన్ దగ్గర మొదలు కాలేదు. వద్దనుకున్నప్పుడు గర్భం వచ్చిందే, అక్కడ మొదలయింది.

కొందరు అక్కలు అంటరు, కడుపు తీయించుకునుడు పాపం అని. కొందరు అంటరు, గతి లేనిది ఎవ్వరు చేస్తరు అని. ఎవ్వరి మనసు వాళ్ళది, మేము తీర్పు చెప్పం. కానీ ఇద్దరూ ఒప్పుకునే మాట ఒకటి ఉన్నది, ఆ అవసరమే రాకపోతే మంచిది అని. అది తిడితే తగ్గదు, బెదిరిస్తే తగ్గదు. రుమేనియా అని ఒక దేశం ఉన్నది. అక్కడ 1966 లో అబార్షన్‌ను దాదాపు పూర్తిగా నిషేధించినరు, గర్భం రాకుండ వాడుకునే మందులు కూడా దొరకకుండ చేసినరు. ఆడవాళ్ళు దొంగచాటుగ చేయించుకున్నరు, వేల మంది చచ్చిపోయినరు. 1989 లో ప్రభుత్వం మారినంకనే ఆ నిషేధం పోయింది. దారి మూసేస్తే ఆడిది ముళ్ళల్ల నడుస్తది.

మరి మన దగ్గర లోటు ఎక్కడున్నది? మీరందరూ ఒకసారి మీ సొంత బతుకు తలుచుకోండి. పెండ్లి అయింది. ఏడాదికి ఒక కాన్పు. రెండేండ్లకు ఇంకో కాన్పు. తర్వాత ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా అదే చెప్తున్నది. తెలంగాణలో పెండ్లి అయి, పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో నూటికి అరవై మందికి పైగా పిల్లల ఆపరేషన్ చేయించుకున్నరు. కాపర్-టి, గోలీలు, నిరోధ్ వాడేవాళ్ళు చాలా తక్కువ. అంటే ఆపరేషన్ అయిన నాటి నుంచి మనకు రక్షణ ఉన్నది. పెండ్లికి, ఆపరేషన్‌కు నడుమ ఉన్న ఏండ్లలో మన చేతుల ఏమీ లేదు. మన "ఆరోగ్యం" అప్పులు ఆ నడుమ ఏండ్లవే. మేము చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇదొక్కటే. ఆ ఖాళీని నింపుకుంటే చాలా అబార్షన్లు వాటంతట అవే తగ్గుతయి.

నింపుకునేందుకు ఏమున్నయో ఏఎన్ఎం మేడం మా మీటింగుకు వచ్చి చెప్పింది. మాకు అర్థమయినంత మీకు చెప్తం. ఇవన్నీ ప్రభుత్వ దవాఖానలో ఉచితంగ ఇచ్చేవే.

కాపర్-టి: రకాన్ని బట్టి ఐదేండ్లు లేదా పదేండ్లు పని చేస్తది. కాన్పు అయిన 48 గంటల లోపల దవాఖానలోనే వేయించుకోవచ్చు. అది గుండెకు ఎక్కుతది, కడుపులో తిరుగుతది అని మనవాళ్ళు అంటరు. అది నిజం కాదు. గర్భసంచిలో పెడతరు, వద్దనుకుంటే తీసేస్తరు, మళ్ళ గర్భం వస్తది. మొదట్లో నెలసరి కొంచెం ఎక్కువ కావచ్చు, కడుపు నొప్పి ఉండవచ్చు. ఆగకపోతే చూపించుకోవాలె.

అంతర ఇంజెక్షన్: మూడు నెలలకు ఒక సూది. రోజూ గోలీ గుర్తు పెట్టుకోలేని షిఫ్టు డ్యూటీ వాళ్ళకు సులువు. నెలసరి గతి తప్పవచ్చు, ఆగిపోవచ్చు. అది చెడు రక్తం లోపల నిలువ ఉండుడు కాదు. సూది ఆపినంక మళ్ళ గర్భం రావడానికి కొన్ని నెలలు పడుతది, అది ముందే తెలిసి ఉండాలె.

ఛాయ గోలీ: ఇందులో హార్మోన్లు లేవు. లక్నోలోని మన ప్రభుత్వ పరిశోధన సంస్థ తయారు చేసిన మందు ఇది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చు.

మాలా-ఎన్: రోజుకొక గోలీ, మరువవద్దు. బిడ్డకు ఆరు నెలలు నిండే దాకా పాలిచ్చే తల్లులు ఇది వాడవద్దు.

నిరోధ్: గర్భం రాకుండ ఆపుడే కాదు, సుఖవ్యాధులు, హెచ్‌ఐవీ అంటకుండ కూడా కాపాడేది ఇదొక్కటే.

అత్యవసర గోలీ: కలిసిన తర్వాత 72 గంటల లోపల, ఎంత తొందరగ వేసుకుంటే అంత మంచిది. ఇది అబార్షన్ గోలీ కాదు, వచ్చిన గర్భాన్ని తీయదు. ప్రతిసారి దీని మీదనే ఆధారపడవద్దు.

ఇక పాలిచ్చే తల్లి సంగతి. మా చెల్లె మోసపోయింది ఇక్కడనే. పాలిస్తే గర్భం రాదనుడులో కొంత నిజం ఉన్నది, కానీ మూడు షరతులు కలిసి ఉండాలె. బిడ్డకు ఆరు నెలలు నిండకుండ ఉండాలె, రాత్రింబగళ్ళు తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టవద్దు, తల్లికి నెలసరి మళ్ళ మొదలు కావద్దు. ఇందులో ఒక్కటి తప్పినా భరోసా లేదు. ఆ పిల్లకు ఎనిమిది నెలలు, తల్లి డ్యూటీకి పోతే సీసా పాలు. ఈ ఒక్క మాట ఆమెకు కాన్పు రోజున ఎవ్వరన్నా చెప్పి ఉంటే పదివేల అప్పు లేదు, రక్తం ఎక్కించే పని లేదు. ఇంకోటి గుర్తు పెట్టుకోండి. అబార్షన్ అయినంక రెండు వారాలకే మళ్ళ గర్భం నిలవవచ్చు. దవాఖాన నుంచి వచ్చే రోజే ఏ పద్ధతి వాడాలో అడిగి రావాలె.

ఇప్పుడు ఆపరేషన్ గురించి. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజు 34 మంది ఆడవాళ్ళకు పిల్లల ఆపరేషన్లు చేసినరు, నలుగురు చనిపోయినరు. ఆ వార్త విన్నప్పటి నుంచి మన దగ్గర కూడా భయం పట్టుకున్నది. ఆ భయాన్ని మేము తీసిపారేయం. నలుగురు తల్లులు పోయినరు, వాళ్ళ పిల్లలు ఉన్నరు. కానీ ఆ భయంతోటి ఏమీ వాడకుండ కూర్చుంటే, మళ్ళ మెడికల్ షాపు గోలీ దగ్గరికే వస్తం. భయం ఉంటే పైన చెప్పిన పద్ధతులు ఉన్నయి. ఆపరేషనే కావాలనుకుంటే డాక్టరును అడగాలె. ముందు పరీక్షలు చేసినరా, తర్వాత ఎన్ని రోజులు చూసుకోవాలె, జ్వరమొస్తే ఎవ్వరికి ఫోన్ చేయాలె? ఇది అడుగుడు మన హక్కు.

ఇంకో మాట, మగవాళ్ళు కూడా వినండి. మగవాళ్ళ ఆపరేషన్‌కు కోత లేదు, కుట్లు లేవు, కడుపు తెరిచే పని లేదు. అదే రోజు ఇంటికి పోవచ్చు. మగతనం తగ్గదు, బలం తగ్గదు. ఒక్క షరతు ఉన్నది. మూడు నెలల దాకా నిరోధ్ వాడాలె, తర్వాత పరీక్ష చేయించుకోవాలె. 1975-77 ఎమర్జెన్సీ నాడు బలవంతంగ పట్టుకపోయి చేసిన ఆపరేషన్ల భయం మన తాతల కాలం నుంచి ఉన్నది. అది తప్పే. కానీ ఆ తప్పుకు మొత్తం బరువు ఇన్నేండ్లు ఆడదాని కడుపే మోస్తున్నది. "ఆయన కంపెనీకి పోవాలె కదా, బరువులు ఎత్తాలె కదా" అని మనమే అడ్డం పడుతున్నం. మనం కూడా కంపెనీకి పోతనే ఉన్నం, బరువులు ఎత్తుతనే ఉన్నం.

కంపెనీ మాట వచ్చింది కాబట్టి మన జేబుకు సంబంధించిన సంగతి చెప్తం. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం దిక్కు మన ఇండ్ల నుంచి చాలా మంది పనికి పోతున్నరు. జీతంలో ఈఎస్‌ఐ కోత ఉంటే, కాంట్రాక్టు కింద చేసినా సరే, దానికి కొన్ని హక్కులున్నయి. నిబంధన ప్రకారం కట్టిన రోజులు నిండితే, మగవాళ్ళ ఆపరేషన్‌కు 7 రోజులు, ఆడవాళ్ళ ఆపరేషన్‌కు 14 రోజులు పూర్తి జీతం లెక్కన ఇస్తరు. గర్భం పోయినా, చట్టప్రకారం అబార్షన్ చేయించుకున్నా ఆరు వారాల జీతం సెలవు ఉన్నది. మా చెల్లె గోలీ వేసుకొని డ్యూటీకి పోయిందని చెప్పినం కదా, ఈ సంగతి ఆమెకు తెలియదు, మాకు తెలియదు. కాగితం మీద ఉన్న హక్కు మన చెవుల పడలేదు.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా అవసరం వస్తే ఏం చేయాలె? అబార్షన్ మన దేశంలో 1971 చట్టం ప్రకారం డాక్టరు దగ్గర చేయించుకోవచ్చు. 2021 లో ఆ చట్టాన్ని మార్చినరు. చట్టం చెప్పిన కారణాలుంటే 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. వాడిన పద్ధతి పని చేయక గర్భం వస్తే అది కూడా ఒక కారణమే, పెండ్లి అయినా కాకున్నా. 18 ఏండ్లు నిండిన ఆడమనిషి సంతకం ఆమెదే, భర్త సంతకం చట్టం అడగదు. ఆమె పేరు బయటపెట్టవద్దని కూడా చట్టంలో ఉన్నది. ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, అనుమతి ఉన్న ఆసుపత్రిలో గానీ చేయించుకోవాలె. ఆర్‌ఎంపీ దగ్గర, మంత్రసాని దగ్గర కాదు. గోలీలతో అయ్యేది తొమ్మిది వారాల లోపలనే, అదీ డాక్టరు చూసి, గర్భం గర్భసంచిలోనే ఉన్నదా అని తేల్చినంకనే. గర్భం ట్యూబులో ఉంటే ఆ గోలీ పని చేయదు, ప్రాణం మీదికి వస్తది. గంటకు రెండు ప్యాడ్లు తడిచి వరుసగ రెండు గంటలు అట్లనే ఉంటే, జ్వరం తగ్గకపోతే, వాసన వస్తే, కండ్లు తిరిగితే తెల్లారే దాకా ఆగవద్దు, 108 కు ఫోన్ చేయాలె. సిగ్గు తర్వాత పడదాం, ముందు మనిషి దక్కాలె.

ఒక్కటి మాత్రం దీంట్లో కలపవద్దు. పుట్టేది ఆడపిల్ల అని తెలుసుకొని తీయించుకునుడు. అది వేరే సంగతి. కడుపులో ఉన్నది ఆడనా మగనా అని చూపించుడు, చెప్పుడు 1994 చట్టం కింద నేరం. ఆడవాళ్ళ సంఘంలో కూర్చున్న మనం దానికి అప్పు ఇవ్వవద్దు, నోరు మూసుకొని ఉండవద్దు.

ఇక మన పిల్లల సంగతి. మేము పదో తరగతి దాకా చదివినం. జీవశాస్త్రం పుస్తకంలో పునరుత్పత్తి పాఠం ఉండేది. మా సారు ఆ పాఠం వచ్చిన రోజు, "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీ తిప్పేసిండు. మగపిల్లలు నవ్వినరు, మేము తల దించుకున్నం. ఇంటికి పోతే చెప్పేవాళ్ళు ఎవ్వరు? పెద్దమనిషి అయినప్పుడు చీర పెట్టిండ్రు, పాటలు పాడిండ్రు, బెల్లం నువ్వులు పెట్టిండ్రు. ఎందుకు నెలసరి వస్తదో ఒక్కరూ చెప్పలేదు. పెండ్లి అయినంక కూడా తెలియకుండనే తల్లులమయినం. ఆ సారును తిట్టుడు కాదు, ఆయనకు కూడా ఎవ్వరూ చెప్పి ఉండరు. కానీ ఆ తిప్పేసిన పేజీకి ఇప్పుడు మన అప్పుల పుస్తకంలో వడ్డీ కడుతున్నం.

"చెప్తే పిల్లలు చెడిపోతరు" అంటరు. ఫోన్‌లో వాళ్ళు చూసేది మనం చెప్పేదానికంటే మంచిగున్నదా? యునెస్కో 2018 లో ఇచ్చిన మార్గదర్శకంలో, అనేక దేశాల అధ్యయనాలు చూసి, లైంగిక విద్య చెప్పితే పిల్లలు తొందరపడరు, జాగ్రత్త పెరుగుతదని రాసినరు. వయసుకు తగినట్టు చెప్పాలె. చిన్నపిల్లకు ఎవ్వరు ఎక్కడ ముట్టవద్దో. పెద్దమనిషి అయ్యే పిల్లకు నెలసరి గురించి. పదో తరగతి వాళ్ళకు గర్భం ఎట్ల వస్తది, ఎట్ల రాకుండ ఉంటది, "వద్దు" అనుడు ఎట్ల. మగపిల్లలకు కూడా అంతే, వద్దంటే వద్దనే అని. 18 నిండని పిల్లకు పెండ్లి చేస్తే, ఆ పిల్ల చేతికి ఏ పద్ధతి ఇవ్వక ముందే కడుపు వస్తది. మన రాష్ట్రంలో ఇంకా నూటికి ఇరవై మందికి పైగా ఆడపిల్లలకు 18 నిండక ముందే పెండ్లి అవుతున్నదని అదే సర్వే చెప్తున్నది. అట్ల ఎక్కడన్నా కనబడితే 1098 కు ఫోన్ చేయాలె.

మా గ్రామ సంఘంలో మేము మొదలు పెట్టిన పనులు చిన్నవే. మూడు నెలలకు ఒకసారి పొదుపు అయినంక ఒక గంట, ఏఎన్ఎం, ఆశా అక్క వచ్చి మాట్లాడుతరు. అంతర సూది తారీఖు, పొదుపు తారీఖు ఒక్కటే ఉండేటట్టు పెట్టుకోమన్నం, మరువకుండ ఉంటది. ఇస్నాపూర్ దిక్కు కంపెనీ రూముల్లో ఉండే బీహార్, ఒడిశా ఆడవాళ్ళ దగ్గరికి, హిందీ వచ్చిన ఇద్దరు సభ్యులు ఆశా అక్కను వెంటబెట్టుకొని పోతున్నరు. వాళ్ళు మన సంఘంలో లేరు, అయినా రోగం గోడ చూసి రాదు.

సమాఖ్యను మూడు తీర్మానాలు అడుగుతున్నం. ఒకటి, ప్రతి గ్రామ సంఘం మూడు నెలలకు ఒకసారి ఈ గంట పెట్టాలె. రెండు, మన హైస్కూళ్ళలో ఆ పాఠం తిప్పేయకుండ చెప్పాలని, ఆడపిల్లలకు, మగపిల్లలకు ఏఎన్ఎంతో మాట్లాడించాలని హెడ్మాస్టర్లకు సమాఖ్య లెటర్ ఇవ్వాలె. మూడు, ఇట్లాంటి అవసరంతో సభ్యురాలు వస్తే అప్పు ఆపవద్దు, కారణం నలుగురిలో అడగవద్దు, కానీ ఒక్కరన్నా ఆమె వెంట దవాఖానకు పోవాలె.

ఆ చెల్లె అప్పు మొన్న నెలలో తీరింది. ఇప్పుడు కాపర్-టి వేయించుకున్నది. ఆఖరి కిస్తీ కట్టినంక పుస్తకంలో ఆ గడి చూపించి, "అక్కా, ఇక్కడ ఆరోగ్యం అని రాసినరు, నాకు ఆ రోజు అదే లేకుండె" అన్నది. వచ్చే ఏడు మహాసభకు మా పుస్తకంలో అట్లాంటి అప్పు ఒక్కటి కూడా లేకుండ వస్తమని మాట ఇచ్చి, సెలవు తీసుకుంటున్నం.